చెలిమ నీళ్ల డబ్బా

రాజోలిలో పెద్దన్న కారు తెలియనివాళ్లు లేరు. అది గొప్ప కారని కాదు, ఎక్కడ ఆగిపోతే అక్కడి జనమే దిగి తోయాల్సి వచ్చేది కాబట్టి. తెల్ల అంబాసిడర్. తెల్లదని పెద్దన్న అంటాడు గానీ, చూసినవాళ్లకు ఆ రంగుకు పేరు పెట్టడం కష్టం. శాంతినగర్‌లో ఒక రెడ్డి దగ్గర అతను వయసంతా డ్రైవరుగా చేశాడు. రెడ్డి కొత్త బండి కొని, దీన్ని పాత ఇనుము వాడికి తూకానికి వేయబోతుంటే పెద్దన్న అడ్డం పడ్డాడు. "తీస్కపో, నీకే ఈ పీడ" అని రెడ్డి తాళాలు చేతిలో పెట్టాడు. పెద్దన్న పెళ్లికొడుకులా దాన్ని నడుపుకుంటూ ఊళ్లోకి వచ్చాడు.

వరద తర్వాత కట్టిన కాలనీలో వాళ్లది రెండు గదుల ఇల్లు. కారును చూసి భార్య రూతమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఓ నిరోష నాయినా, ఇంట్ల మనమే పడ్తలేము, దీన్ని యాడ పండవెడ్తవ్?" అంది. నిరోష వాళ్ల ఒక్కగానొక్క కూతురు, మానవపాడులో కాపురం చేసుకుంటోంది. పెద్దన్న గోడ పక్కన తడికలతో నీడ వేసి కారును అక్కడ పెట్టాడు. పెళ్లిళ్లకు, చర్చి పనులకు, కోర్టు వాయిదాలకు ఊరివాళ్లను తిప్పుతూ కొన్నాళ్లు బాగానే గడిపాడు.

నవ్విన మనిషికే చివరికి ఆ కారు కావాల్సొచ్చింది. రూతమ్మకు కాళ్లు వాచాయి, తర్వాత మొహం వాచింది. రెండు కిడ్నీలూ పాడైపోయాయని గద్వాల దవాఖానలో తేల్చేశారు. వారానికి మూడుసార్లు అక్కడికి వెళ్లి రక్తం శుద్ధి చేయించుకోవాలి. మొదట్లో ఒకసారి బస్సులో తీసుకుపోయాడు. తిరిగొచ్చేటప్పుడు సీటు దొరక్క, రాడ్డు పట్టుకుని నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయింది. అప్పటి నుంచి పెద్దన్న కిరాయిలు మానుకుని కారును ఆమె కోసమే ఉంచాడు. వెనక సీటులో బొంత పరిచి, దిండు వేసి, అద్దానికి పాత చీర ముక్క కట్టాడు.

శుద్ధి ఒక కష్టమైతే నీళ్లు ఇంకో కష్టం. ఒంట్లోకి పోయిన నీరు బయటికి వచ్చే దారి లేదు గనక, రోజంతటికీ ఒక చిన్న సీసా నీళ్లే తాగాలన్నారు. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడక ప్రాణం పోతుందన్నారు. ఆ మాట పెద్దన్న గుండెలో మేకులా దిగింది. పొద్దున్నే సీసా నింపి గూట్లో పెట్టేవాడు. చాయ్ తాగితే అంత మేర సీసాలోంచి ఒంపేసేవాడు. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర పాస్టరు ఇచ్చే చెంచాడు ద్రాక్షరసాన్ని కూడా లెక్కలో వేశాడంటే నమ్ముతారా? వేశాడు. చర్చిలో అందరి ముందూ రూతమ్మ ఆ రసాన్ని మింగకుండా పాట అయిపోయేదాకా నోట్లోనే ఉంచుకునేది. భార్య బతకాలన్న ఆశ మనిషిని ఎంత కఠినుణ్ని చేస్తుందో పెద్దన్నను చూస్తే తెలిసేది.

ఎండలు ముదిరాక కారు కూడా మొండికేసింది. గద్వాల దారిలో అయిజ ఊరు దాటిందంటే చాలు, వేడి చూపించే సూది ఎర్రగీత మీదికి ఎక్కేది, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచేది. రోడ్డు పక్కన ఆపి, చల్లారేదాకా చూసి, నీళ్లు పోసి, మళ్లీ కదలాలి. ఒకరోజు అలా ఆగి ఆగి చేరేసరికి రూతమ్మ మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి, పొద్దుపోయాక ఎక్కించుకున్నారు. ఆ సాయంత్రమంతా ఆయాసపడుతున్న ఆమెకు పెద్దన్న తువ్వాలుతో విసురుతూ కూర్చున్నాడు.

కొత్త రేడియేటర్ కొనే తాహతు అతనికి లేదు. మరుసటి రోజు గోనెసంచి పరుచుకుని ఇంటి ముందే కారు ఇప్పాడు. కింది బిరడా తీస్తే ఎర్రటి తుప్పు నీళ్లు కారాయి, వెనకే సున్నం పెచ్చులు రాలాయి. ఇన్నేళ్లూ పోసింది కాలనీ బోరు నీళ్లు. ఆ నీళ్లతో చెంబు కడిగినా తెల్లటి చారలు పడతాయి, రేడియేటర్ గొట్టాలు పూడుకుపోవడంలో వింతేముంది?

గడపలో కూర్చుని చూస్తున్న రూతమ్మే దారి చెప్పింది. "ఇత్తడి బిందెకు ఉప్పు పట్టుకుంటే మేమేం జేస్తం? చింతపండు ఏస్తం. అది గూడ ఇత్తడిదే అంటివి గద, చింతపండు పులుసు పోసి చూడు."

పెద్దన్న ఆమెను మెచ్చుకోలుగా చూశాడు. కుండెడు చింతపండు పులుసు కాచి, పీచు లేకుండా బట్టలో వడగట్టి రేడియేటర్‌లో పోసి, ఇంజన్ కాసేపు తిప్పి అలాగే నానబెట్టాడు. ఇల్లంతా పులుసు వాసన. రూతమ్మకు చింతపండు కూడా నిషేధమే. ఆమె ముక్కుతో గట్టిగా పీల్చి, "పప్పుచారు కాస్తున్నట్టే ఉన్నది" అంది. పులుసు వదిలితే సున్నం బురదలా దిగింది. రెండోసారి పోశాడు, ఇంకా దిగింది. పగిలిన పైపును కోసి, మిగిలిన ముక్కకే క్లిప్పు బిగించాడు. ఫ్యాన్ బెల్టు వదులు తీశాడు. రేడియేటర్ అడుగున సన్నగా కారుతున్న చోట అయిజలో మెకానిక్ మహబూబ్ చేత మాటు వేయించాడు.

ఇక బోరు నీళ్లు పోయకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. తుంగభద్ర అప్పటికి ఎండి సన్నటి పాయ అయింది. తెల్లారి సైకిల్ మీద ఏటికి పోయి, ఇసుకలో చెలిమ గుంట తోడి, ఊరిన నీళ్లను చిప్పతో ఎత్తి డబ్బా నింపుకొచ్చేవాడు. చెలిమ నీళ్ల తీపి సంగతి ఆ ఏటి గట్టున పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంట్లో వాళ్లు తాగేది ఫిల్టర్ నీళ్లే, ఆ చప్పటి నీళ్లు వీటి ముందు దేనికీ కొరగావు. కారు డిక్కీ తాళం ఎన్నడో పట్టేసింది గనక, డబ్బాను వెనక సీటు ముందు, రూతమ్మ కాళ్ల దగ్గర పెట్టేవాడు.

మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. పెద్దన్నకు కాలేదు. అతని కళ్లు ఆ సూది మీదే ఉన్నాయి.

సూది ఇప్పుడు చెప్పినట్టు వింటోంది. అయిజ దాటినా, గద్వాల చేరినా నడిమి గీత దాటడం లేదు. రేడియేటర్ మూత తీసి చూస్తే నీళ్లు నిండుగానే ఉంటున్నాయి. మరి డబ్బాలో నీళ్లెందుకు తగ్గుతున్నాయి? డబ్బాకు పగులుందేమోనని రాత్రంతా పేపరు మీద పెట్టి చూశాడు, చుక్క లేదు. దవాఖాన దగ్గర ఆటోవాళ్లు ఒంపుకుంటున్నారని అనుమానం వచ్చింది. ఒక ఆటో అతని గల్లా పట్టుకోబోతే, "నీ డబ్బ నీళ్లు నాకెందుకయ్యా, ఈడ నల్లా లేదా?" అని అతను తిరగబడ్డాడు. రూతమ్మ కారులోంచి అంతా చూసి, అద్దానికి కట్టిన చీర ముక్క అడ్డం జరుపుకుంది.

అటు దవాఖాన లోపల నర్సు సరిత సిస్టర్ గోల పెడుతోంది. మంచం ఎక్కే ముందు ప్రతిసారీ బరువు చూస్తారు. శుద్ధికీ శుద్ధికీ మధ్య పెరిగిన బరువంతా తాగిన నీళ్లేనట.

"అన్నా, అక్క మల్ల పెరిగింది. గింత నీరు గుంజితే గుండె ఆగుతదని సారు కోపం జేస్తుండు. ఇంట్ల ఎవరో నీళ్లిస్తుండ్రు."

"దేవుని తోడు మేడం. నేనే కొలిచి పోస్తున్న. చుక్క ఎక్కువ ఇయ్యలె."

అబద్ధం కాదు గనక అతని గొంతు గట్టిగా ఉంది. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే పక్కింటి హన్మమ్మ గుర్తొచ్చింది. పెద్దన్న ఏటికి పోయినప్పుడు, అంగడికి పోయినప్పుడు రూతమ్మకు తోడు కూర్చునే ముసలామె ఆమె. తల దువ్వుతుంది, కాళ్లు పిసుకుతుంది, ఊరి కబుర్లు చెప్పి నవ్విస్తుంది. ఒకరోజు అతను వచ్చేసరికి ఆమె చేతిలో మజ్జిగ చెంబు ఉంది. అది ఆమె తనకోసం తెచ్చుకున్నది. పెద్దన్న అడగలేదు. చెంబు గుంజి వాకిట్లోకి విసిరి కొట్టాడు.

"నా పెండ్లాన్ని సంపనీకి వస్తున్నవా నువ్వు? నీ చేతి నీళ్లు దానికి విషం! ఇంకోసారి నా గడప తొక్కొద్దు."

హన్మమ్మ దొర్లిన చెంబు ఏరుకుని, కళ్లు తుడుచుకుంటూ పోయింది. రూతమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఆమెకు తల దువ్వేవాళ్లు లేరు. పెద్దన్న దువ్వితే చిక్కులతో పాటు వెంట్రుకలు ఊడొచ్చేవి.

ఇలా ఉండగా ఒకరోజు మహబూబ్ రేడియేటర్ మాటు చూసి, "పెద్దన్నా, ఉత్త నీళ్లు పోస్తే మల్ల తుప్పు పడ్తది. కూలెంట్ కలుపు. ఒక్కసారి పోస్తే మల్ల చూస్కునే పనే ఉండదు" అని పచ్చటి మందు డబ్బా ఒకటి ఇచ్చాడు. "జర పైలం, నోట్ల పడితే పానం పోతది. పిల్లలకు అందనీయకు" అని కూడా చెప్పాడు. ఇంట్లో పిల్లలెవరు? పెద్దన్న ఇంటికొచ్చి ఆ మందును నీళ్ల డబ్బాలో చెలిమ నీళ్లకు కలిపి, రేడియేటర్‌లో పాతవి వదిలేసి నిండా పోసి, మిగిలింది డబ్బాలోనే ఉంచి మూత బిగించాడు. ఎప్పటి చోటే, వెనక సీటు ముందే పెట్టాడు. కారు సంగతులు రూతమ్మకు చెప్పడం అతనికి అలవాటు లేదు.

మామూలుగా శుద్ధి అయ్యాక ఆమెను కారులో పడుకోబెట్టి, మందుల కోసం వరసలో నిలబడేవాడు. ఆరోజు మందులు రాలేదని పంపించేశారు. నేరుగా బండి తీశాడు. శుద్ధి అయిన రోజు ఆమెకు దాహం మరీ ఎక్కువ, నాలుక అంగిట్లో అంటుకుపోయేది. అయిజ ఇంకా రాలేదు. రెండు పక్కలా దున్ని వదిలేసిన పొలాలు, రోడ్డు మీద ఎండ మెరుస్తోంది. ఎందుకో అద్దంలోకి చూశాడు.

రూతమ్మ లేచి కూర్చుంది. డబ్బాను ఒళ్లోకి ఎత్తుకుని మూత తిప్పుతోంది. ఆ తిప్పడంలో తడబాటు లేదు, రోజూ చేసే పనిలా ఉంది. అతని తలలో అన్నీ ఒక్కసారే కుదురుకున్నాయి. డబ్బా ఆమె మూతి దాకా లేచింది. బ్రేకు తొక్కాడు. కారు కీచుమని రోడ్డు దిగి ఆగింది. ఆమె ముందుకు తూలింది, డబ్బా ఒలికి పచ్చటి నీళ్లు చీర మీదుగా పారాయి. దిగిపోయి వెనక తలుపు తీసి డబ్బాను పొలంలోకి విసిరాడు.

"మింగినవా? చెప్పు, మింగినవా?" దవడలు పట్టుకుని నోట్లోకి చూస్తూ అరుస్తున్నాడు. "అది విషమే! బండికి పోసే మందు కలిపిన దాంట్ల!"

"మింగలే. పెదాలకే అంటింది" అంది రూతమ్మ. ఆమెకు భయం వేసినట్టు లేదు. "నాకు నీళ్లే విషమంటిరి గద. ఏ విషమైతే ఏంది?"

నోరు కడగాలి. కడగడానికి కారులో చుక్క నీళ్లు లేవు. దూరంగా చెట్టు నీడలో కూలి ఆడవాళ్లు సద్ది తింటుంటే పరుగెత్తి చెంబెడు నీళ్లు అడిగి తెచ్చాడు. కుండ నీళ్లు, చల్లగా ఉన్నాయి. ఆమె పుక్కిలి పట్టింది. చెంపలు ఉబ్బాయి, కళ్లు మూతపడ్డాయి.

"ఉమ్మెయ్" అన్నాడు.

ఆమె ఉమ్మలేదు. అలాగే ఉంచుకుంది. గొంతు ఒకసారి పైకి కిందికి కదిలింది.

"నీ కాల్మొక్కుత రూతూ, ఉమ్మెయ్."

ఉమ్మేసింది. మళ్లీ పోశాడు, మళ్లీ ఉమ్మించాడు. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆ పని చేశాడు. ఇంత కర్కశమైన పని తన బతుకులో చేయలేదని అతనికి ఆ క్షణంలోనే తెలిసింది. బండి తిప్పి దవాఖానకే తీసుకుపోయాడు. డాక్టరు చూసి, కాసేపు ఉంచుకుని, లోపలికి పోలేదు, భయం లేదని పంపించాడు.

దారిలో రూతమ్మే మాట్లాడింది. "హన్మమ్మ నాకేమియ్యలె. నువ్వు ఆమెను తిట్టిననాడే చెప్దామనుకున్న. చెప్తే డబ్బ తీసేస్తవని చెప్పలె. చెలిమ నీళ్లు నిరోష నాయినా. చిన్నప్పుడు మా అమ్మ దోసిట్ల పోసేది. కాళ్ల కాడ పెట్టినవ్, ఎట్ల తాగకుంటను?"

పెద్దన్నకు కోపం రావాలి, రాలేదు. ఏడుపు వచ్చింది, ఆపుకున్నాడు. ఊరు చేరగానే హన్మమ్మ ఇంటికి పోయి తప్పయిందని చెప్పాడు. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ, "నా చేతివి విషమంటివి గద" అంది. చెరగడం ఆపకుండానే, "వస్తలే పో" అంది గానీ రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

ఆ మరునాడు శుద్ధి లేని రోజు. పొద్దున్నే పెద్దన్న ఇంకో సీసా తెచ్చి, రూతమ్మ సీసా పక్కన పెట్టి, రెండింటిలో సమానంగా నీళ్లు పోశాడు.

"ఇది నీది, ఇది నాది. నువ్వెన్ని తాగుతే నేను గన్నే. గింతనన్న నీకు తోడుంట."

"పిచ్చోనివా? ఎండల పని జేసెటోనివి, పడిపోతవ్."

"నువ్వు ఇన్నాళ్ల సంది పడలేదు గద" అన్నాడు. ఆ మాటలో అతనికి తెలియని గొప్ప ఒకటి ఉంది. కఠినంగా ఉన్నందుకు ప్రాయశ్చిత్తం ఇంత సులువుగా దొరికిందని సంతోషించాడేమో, చాయ్ కూడా వద్దన్నాడు.

ఆ పచ్చ నీళ్లు కారులో ఉంటే అతనికి మనసొప్పలేదు. బిరడా తీసి, పచ్చదంతా బొక్కెనలోకి దించి, దూరంగా ఎవరూ తిరగని చోట గుంట తీసి పూడ్చి వచ్చాడు. తర్వాత ఏటి నుంచి మోసుకొచ్చిన నీళ్లు పోసి, ఇంజన్ తిప్పి, వదిలి, మళ్లీ పోశాడు. కారు కింద వెల్లకిలా పడుకుంటే నీళ్లు మోచేతుల మీదుగా, మెడ మీదుగా కారేవి. ఎండ నడినెత్తికి రాకముందే అతని సీసా అయిపోయింది. మొదట పెదాలు ఎండాయి. తర్వాత ఉమ్మి చిక్కబడింది. నాలుక తనది కానట్టు నోట్లో అడ్డం పడింది. క్లిప్పు బిగిస్తుంటే స్క్రూ ఎటు తిరగాలో తోచలేదు. బొక్కెనలో నీళ్లు పోస్తున్న చప్పుడు వినలేక చెవులు మూసుకుందామనిపించింది. ఇంట్లో గూట్లో రూతమ్మ సీసా ఇంకా సగం ఉంది, దాన్ని ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు.

పొద్దు వాలకముందే లేచాడు. చేతులు కడుక్కొస్తానని ఎవరూ అడగకపోయినా గొణిగి, ఇంటి వెనక బోరింగు దగ్గరికి పోయాడు. ఒక చేత్తో కొడుతూ, ఇంకో చేత్తో పట్టి తాగాడు. సరిపోక, వంగి నోరే పెట్టేశాడు. ముక్కులోకి పోయాయి, దగ్గాడు, మళ్లీ తాగాడు. ఒక్క పూట. ఒక్క పూట కూడా ఉండలేకపోయాడు. ఇన్నాళ్లుగా ఓర్చుకుంటున్న రూతమ్మనేనా తను దొంగను పట్టినట్టు పట్టింది?

మూతి తుడుచుకుని ఇంట్లోకి వచ్చాడు. చొక్కా ముందు భాగమంతా తడి. రూతమ్మ మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. బోరింగు చప్పుడు ఆమెకు వినబడే ఉంటుంది. అతను గడపలోనే ఆగిపోయాడు, లోపలికి అడుగు పడలేదు.

"తాగితివా?"

తలూపాడు. తిడుతుందనుకున్నాడు, నవ్వుతుందనుకున్నాడు. ఆమె జరిగి మంచం మీద చోటిచ్చింది. అతను కూర్చున్నాక ఆ తడి చొక్కా మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉంచింది.

"సల్లగుండెనా?"

"ఆఁ" అన్నాడు.

"ఎట్లుండెనో జర చెప్పు."

పెద్దన్న చెప్పలేనన్నాడు. ఆమె చెప్పమంది. అతను ఏడుస్తూ, మొదటి గుక్క నాలుక మీద ఎలా పడిందో, గొంతులో ఎలా జారిందో, కడుపులోకి దిగుతుంటే ఎక్కడిదాకా చల్లదనం తెలిసిందో ఒక్కొక్కటే చెప్పాడు. రూతమ్మ కళ్లు మూసుకుని వింటూ, మధ్య మధ్య ఉత్త గొంతుతో గుటక వేస్తూ, "మల్ల?" అని అడిగింది.